కావలివాడు బూర ఊదకపోతే...

యేసుప్రభువు యెరూషలేముకు వెళ్తూ దారిలో ఒక సమరయ గ్రామంలో బస చేయాలనుకున్నాడు. ఆ ఊరివాళ్లు రానివ్వలేదు. యూదులకు, సమరయులకు మధ్య తరతరాల వైరం ఉంది మరి! ప్రభువుకు జరిగిన ఆ అవమానాన్ని యాకోబు, యోహాను సహించలేకపోయారు. ఆకాశం నుండి అగ్నిని రప్పించి ఊరిని నాశనం చేయమంటావా అని ప్రభువునే అడిగారు. ఆయన వాళ్లవైపు తిరిగి గద్దించాడు. తర్వాత అంతా కలిసి మరో గ్రామానికి నడిచి వెళ్లిపోయారు (లూకా 9:51–56).

ఈ సంఘటనలో మనం గమనించవలసింది ఒకటుంది. ఊరిని తగలబెడదామన్నది దుర్మార్గులు కాదు, శిష్యులు. ప్రభువును ప్రేమించినవాళ్లు, ఆయన వెంట నడిచినవాళ్లు, ప్రార్థన నేర్చుకున్నవాళ్లు. వాళ్ల కోపానికి కారణం కూడా ఉంది. తమ కోపాన్ని దేవుని పనిగా భావించడమే వాళ్లు చేసిన పొరపాటు. రెండు వేల ఏళ్లు గడిచాయి. ఆ కోరిక మనిషిలో అలాగే ఉంది. ఒక్కటే తేడా. ఆనాడు వాళ్ల చేతిలో అగ్ని లేదు, ఈనాడు మనిషి చేతిలో ఉంది.

ఆ అగ్నిని మనిషి మొదటిసారి 1945 జూలై 16న అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారిలో పరీక్షించి చూశాడు. ఆ అణుపరీక్షకు పెట్టిన పేరు ‘ట్రినిటీ’, అంటే త్రిత్వం! తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలను తలుచుకుంటూ మనం భక్తితో పలికే మాట అది. మూడు వారాలకే, ఆగస్టు 6న హిరోషిమా బూడిదైంది. ఆగస్టు 9న మరో విమానం రెండో బాంబుతో టినియన్ దీవి నుండి బయల్దేరింది. దాని గురి కొకురా నగరం. కానీ ఆ ఉదయం కొకురా మీద మబ్బు, పొగ కమ్మి ఉండటంతో గురి కుదరలేదు. విమానం నాగసాకి వైపు మళ్లింది. ఉదయం 11 గంటల 2 నిమిషాలకు ఆ నగరపు ఉరకామి లోయ మీద సుమారు 500 మీటర్ల ఎత్తున బాంబు పేలింది. అనుకున్న చోటికి దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో పడింది. అది పడిన చోటు జపాన్‌లో క్రైస్తవులు ఎక్కువగా నివసించే ప్రాంతం.

ఉరకామి క్రైస్తవుల చరిత్ర తెలిస్తే ఎవరికైనా కన్నీళ్లు వస్తాయి. 1597లో నాగసాకిలో 26 మందిని సిలువ వేసి చంపారు. 1614లో దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించారు. అయినా ఉరకామి రైతులు బోధకులు లేకుండా, బైబిల్ లేకుండా, మందిరం లేకుండా రెండున్నర శతాబ్దాలు రహస్యంగా తమ విశ్వాసాన్ని కాపాడుకున్నారు. తండ్రి కొడుక్కి, తల్లి కూతురికి నేర్పిన ప్రార్థనలే వాళ్ల సంఘం. 1865లో వాళ్లు బయటపడ్డారు. 1867 తర్వాత మూడు వేల మందికి పైగా ఊరి నుండి వెళ్లగొట్టబడ్డారు. వాళ్లలో వందల మంది ప్రవాసంలోనే చనిపోయారు. 1873లో నిషేధం తొలగాక మిగిలినవాళ్లు తిరిగొచ్చి 1895లో కెథడ్రల్ కట్టడం మొదలుపెట్టారు. పేదవాళ్లు కూడబెట్టిన డబ్బుతో అది 1914 నాటికి గానీ పూర్తి కాలేదు. జంట గోపురాలు 1925లో లేచాయి. తూర్పు ఆసియాలోనే పెద్ద చర్చి అదని ఆనాడు చెప్పుకునేవారు.

బాంబు పేలింది ఆ చర్చికి అర కిలోమీటరు దూరంలోనే. ఆగస్టు 15 పండుగకు సిద్ధపడుతూ, పాపాలు ఒప్పుకొని ప్రార్థించుకునేందుకు ఆ ఉదయం కొందరు లోపల ఉన్నారు. వాళ్లూ, ఇద్దరు గురువులూ, ఒక్కరు కూడా మిగల్లేదు. ఉరకామి క్రైస్తవులు సుమారు 12 వేల మందిలో దాదాపు 8,500 మంది చనిపోయారు. ఆ ఏడాది చివరికి నాగసాకి మృతుల సంఖ్య 70 వేలు దాటింది. రెండున్నర శతాబ్దాల హింస చేయలేని పని ఒక్క బాంబు చేసింది. బాంబు వేసిన విమానం నడిపిన పైలట్ ఎవరు? అతనూ క్యాథలిక్ క్రైస్తవుడే. బాప్తిస్మం పొందినవాళ్లు బాప్తిస్మం పొందినవాళ్ల మీద ఆకాశం నుండి అగ్ని కురిపించారు. అయితే ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. చనిపోయినవాళ్లు క్రైస్తవులు కాబట్టే ఇది పాపం కాదు. నాగసాకిలో బౌద్ధులూ చనిపోయారు, బలవంతంగా పనికి తెచ్చిన కొరియన్లూ చనిపోయారు. దేవుని ఎదుట ఆ ప్రాణాలన్నీ సమానమే. ఉరకామి మాత్రం మన విశ్వాసం ముందు నిలబెట్టిన అద్దం.

టినియన్ దీవిలో ఆ విమాన సిబ్బందికి ఆరాధనలు జరిపిన క్యాథలిక్ గురువు ఫాదర్ జార్జ్ జాబెల్కా. యుద్ధం ముగిశాక చాలా ఏళ్లకు ఆయన మనస్సాక్షి మేల్కొంది. ఏ సైనికుడైనా వచ్చి ఒక పసిబిడ్డను తుపాకితో కాల్చవచ్చా అని అడిగి ఉంటే, అది మహాపాపమని చెప్పేవాడినని, కానీ వందల విమానాలు వేల పసిబిడ్డల మీద బాంబులు కురిపించి వస్తుంటే నోరు విప్పలేదని ఆయన బహిరంగంగా ఒప్పుకున్నాడు. 1992లో కన్నుమూసేదాకా అదే సాక్ష్యం చెబుతూ వచ్చాడు. తాను బాంబు వేయలేదు, వేయమనలేదు. మాట్లాడవలసినప్పుడు మాట్లాడలేదు, అంతే. ఆ మౌనమే తన పాపమని ఆయన గ్రహించాడు.

మంచివాళ్లు ఇంత దూరం ఎలా వచ్చారు? ఒక్క రోజులో రాలేదు. 1939 సెప్టెంబర్ 1న, అంటే రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజునే, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఏ దేశమూ పౌరుల మీద, రక్షణ లేని నగరాల మీద బాంబులు వేయరాదని విజ్ఞప్తి చేశాడు. అప్పటికి అది అందరూ ఒప్పుకున్న హద్దు. జర్మనీ వార్సా మీద, రోటర్‌డామ్ మీద, లండన్ మీద బాంబులు వేసి ఆ హద్దు దాటింది. ‘వాళ్లు దాటారు గనుక మనమూ దాటుదాం’ అని ఇటువైపువాళ్లు అనుకున్నారు. 1943లో హాంబర్గ్, 1945 ఫిబ్రవరిలో డ్రెస్‌డెన్ అయిపోయాయి. 1945 మార్చి 9 అర్ధరాత్రి మొదలైన దాడిలో టోక్యోలో ఒక్క రాత్రే దాదాపు లక్ష మంది కాలిపోయారు. ఆరేళ్ల కింద అమానుషమన్న పనినే ఇప్పుడు దైనందిన విధిగా చేశారు. అణుబాంబు వచ్చేనాటికి దాన్ని ఆపవలసిన మనస్సాక్షి అప్పటికే మొద్దుబారిపోయింది. యుద్ధం ఊళ్లను తగలబెట్టకముందే మనస్సాక్షిని తగలబెడుతుంది. యుద్ధానికి వ్యతిరేకంగా చెప్పగల అతి పెద్ద నైతిక కారణం ఇదే.

అందరూ మౌనంగా ఉన్నారా? లేదు. 1940 నవంబర్‌లో జర్మన్ బాంబులకు ఇంగ్లండులోని కోవెంట్రీ కెథడ్రల్ కూలిపోయింది. దాని బాధ్యుడు రిచర్డ్ హోవర్డ్ ఆ శిథిలాల గోడ మీద తండ్రిని క్షమాపణ వేడుకునే మాటలు రాయించాడు. ‘వారిని’ అనే మాట మాత్రం కావాలనే వదిలేశాడు. క్షమాపణ శత్రువుకే కాదు, మనకూ అవసరమని ఆయన ఉద్దేశం. 1944 ఫిబ్రవరిలో చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్ బ్రిటన్ ప్రభువుల సభలో నిలబడి, జర్మన్ నగరాలను మొత్తంగా తగలబెట్టడం అన్యాయమని సొంత ప్రభుత్వాన్నే నిలదీశాడు. హిట్లర్‌ను మొదటి నుంచీ వ్యతిరేకించిన మనిషి ఆయన. అయినా నిందలు తప్పలేదు.

ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యేగర్‌స్టాటర్ కథ మరొకటి. హిట్లర్ సైన్యంలో ఆయుధం పట్టనన్నాడు. భార్య, ముగ్గురు చిన్న కూతుళ్లు ఉన్నారు. చర్చి పెద్దలే నీ కుటుంబాన్ని చూసుకో, ప్రభుత్వం మాట విను అని సలహా ఇచ్చారు. ఆయన వినలేదు. 1943 ఆగస్టు 9న ఆయన తల నరికారు. సరిగ్గా రెండేళ్లకు అదే తేదీన నాగసాకి కాలిపోయింది. 2007లో ఆయనను ధన్యజీవిగా క్యాథలిక్ సంఘం ప్రకటించింది. ఒంటరిగా నిలబడ్డ రైతుది సరైన దారి, సలహా ఇచ్చిన పెద్దలది కాదు అని సంఘం గుర్తించడానికి అరవై నాలుగేళ్లు పట్టింది!

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. జపాన్ అమాయక దేశమా? కాదు. 1937లో చైనాలోని నాన్జింగ్‌లో జపాన్ సైన్యం చేసిన ఘోరాలను చరిత్ర మరచిపోలేదు. అంత దూరం ఎందుకు? 1942లో ఈస్టర్ మర్నాడు, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. జనం భయంతో ఊళ్లు వదిలి పల్లెలకు పరుగులు తీశారు. అలాంటి శత్రువును ఆపవద్దా అంటే, ఆపాలి. దుర్మార్గుడిని అడ్డుకోవడం, బలహీనుడిని కాపాడటం పాలకుల బాధ్యత అని రోమా పత్రిక 13వ అధ్యాయం నేర్పుతుంది. కానీ దానికి ముందున్న 12వ అధ్యాయం కూడా పౌలు రాసిందే. కీడుకు ప్రతికీడు చేయవద్దని, పగ తీర్చుకోవడం దేవునికి వదిలేయమని, ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెట్టమని అక్కడ చదువుతాం. ఒక అధ్యాయం చదివి రెండోది మూసేసే హక్కు మనకు లేదు. విశాఖ మీద బాంబు వేసినవాడి నేరానికి ఉరకామిలో ప్రార్థన చేసుకుంటున్న అమ్మ శిక్ష అనుభవించాలా?

యుద్ధం గురించి బైబిల్ ఏమంటుందో పాత నిబంధన చూపించి కొందరు వాదిస్తారు. అక్కడ యుద్ధాలు ఉన్న మాట నిజమే. కానీ దావీదు మందిరం కట్టాలని ఆశపడితే దేవుడు ఒప్పుకోలేదు. నీవు యుద్ధాలు చేసి చాలా రక్తం ఒలికించావు గనుక నీ చేతులతో వద్దన్నాడు (1 దినవృత్తాంతములు 28:3). ఎంతో ప్రియమైన భక్తుడికే ఆ మాట చెప్పాడు! ఇక నీనెవె సంగతి చూడండి. అది ఇశ్రాయేలును వణికించిన అష్షూరు మహానగరం. అది నాశనమవుతుందని యోనా ఊరి బయట కూర్చుని ఎదురుచూశాడు. దేవుడు అతనికి నగరంలోని సైన్యాన్ని చూపించలేదు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మందిని చూపించాడు, పశువులను కూడా చూపించాడు. వాటి మీద నేను జాలిపడవద్దా అని అడిగాడు (యోనా 4:11). ఆ ప్రశ్నతోనే గ్రంథం ముగుస్తుంది. జవాబు యోనా చెప్పలేదు. మనం చెప్పాలి.

తొలి శతాబ్దాల సంఘానికి ఈ విషయంలో తడబాటు తక్కువ. క్రీ.శ. 295లో ఉత్తర ఆఫ్రికాలో మాక్సిమిలియన్ అనే 21 ఏళ్ల యువకుడు తాను క్రైస్తవుడిని గనుక రోమా సైన్యంలో చేరనని చెప్పి ప్రాణం ఇచ్చాడు. తర్వాత సంఘానికి రాజ్యాధికారం దగ్గరయ్యాక అగస్టీన్, ఆ పిమ్మట అక్వినాస్ వంటి పండితులు యుద్ధానికి షరతులు ఆలోచించారు. కారణం న్యాయమైనదై ఉండాలి, ఉద్దేశం మంచిదై ఉండాలి, అధికారం ఉన్నవాళ్లే ప్రకటించాలి అన్నారు. అది చివరి మార్గం కావాలని, నిరాయుధుల జోలికి పోరాదని తర్వాతివారు చేర్చారు. ఈ షరతులు యుద్ధానికి కళ్లెం వేయడానికి పుట్టాయి. కానీ పాలకులు వాటిని లైసెన్సులాగా వాడుకున్నారు. నగరాలను మొత్తంగా నాశనం చేయడం దేవునికీ మానవునికీ వ్యతిరేకమైన నేరమని 1965లో రెండో వాటికన్ మహాసభ తేల్చి చెప్పింది. 2019 నవంబర్‌లో నాగసాకి, హిరోషిమాలకు వెళ్లిన పోప్ ఫ్రాన్సిస్ మరో అడుగు ముందుకేసి, అణ్వస్త్రాలను వాడటమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా అనైతికమన్నాడు.

ఇదంతా పాత కథేనా? 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి చొరబడింది. రెండు దేశాల్లోనూ అత్యధికులు ఆర్థొడాక్స్ క్రైస్తవులే. మార్చి 16న మరియుపోల్ నగరంలో ఒక నాటకశాల మీద బాంబు పడింది. వందల మంది అందులో తలదాచుకున్నారు. పైనుంచి విమానాలకు కనిపించాలని ‘పిల్లలు’ అనే మాటను భవనం ముందూ వెనకా నేల మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. అయినా బాంబు పడింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మాస్కో పాట్రియార్క్ కిరిల్, ఈ యుద్ధంలో విధి నిర్వహిస్తూ మరణించే సైనికుడి పాపాలు కడుగబడతాయని ప్రసంగించాడు. పాపాలను కడిగేది యేసు రక్తమని మనం చిన్నప్పటి నుంచి పాడుకుంటున్నాం. ఆ స్థానంలో యుద్ధాన్ని కూర్చోబెట్టడం ఎంత భయంకరం!

2023 అక్టోబర్ 7న హమాస్ ముష్కరులు ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మందిని చంపి 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. అది ఘోర పాపం. దానికి బదులుగా సాగిన యుద్ధంలో 2025 జూలై చివరికి గాజాలో 60 వేల మందికి పైగా మరణించారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క చెప్పింది. వాళ్లలో వేల మంది పిల్లలు. ‘వాళ్లు దాటారు గనుక మనమూ దాటుదాం’ అన్న పాత మాటే మళ్లీ వినిపించింది.

మన ఇంటి సంగతీ చూసుకుందాం. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. ఆ నేరానికి శిక్ష కోరడం న్యాయమే. మే 7 నుంచి నాలుగు రోజులు భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఘర్షణ సాగింది. ఆ రాత్రుల్లో కొన్ని టీవీ చానళ్లు జరగని దాడులు జరిగినట్టు, తగలబడని రేవులు తగలబడినట్టు చూపించాయి. యుద్ధాన్ని క్రికెట్ మ్యాచ్‌లా చూస్తూ స్కోరు చెప్పుకున్నాం. అదే సమయంలో సరిహద్దులోని పూంఛ్‌లో పాకిస్తాన్ ఫిరంగి గుండ్లకు మన పిల్లలే బలయ్యారు. యుద్ధం కావాలని గట్టిగా అరిచేది దానికి దూరంగా ఉన్నవాళ్లే. దగ్గర ఉన్నవాళ్లు బంకర్లు వెతుక్కుంటారు. సరిహద్దులో మన కోసం నిలబడ్డ జవానును గౌరవించడమంటే అతని ప్రాణాన్ని మన వినోదానికి ఖర్చు పెట్టమని కోరడం కాదు.

ప్రపంచ దేశాలు 2024లో సైన్యాలకు, ఆయుధాలకు పెట్టిన ఖర్చు సుమారు 2,71,800 కోట్ల డాలర్లని స్వీడన్‌లోని సిప్రీ సంస్థ లెక్క కట్టింది. 2025 ఆరంభానికి మన దేశంతో సహా తొమ్మిది దేశాల దగ్గర 12 వేలకు పైగా అణ్వస్త్రాలు ఉన్నాయి. అణ్వస్త్రాలను నిషేధించే ఒప్పందం 2021 జనవరి 22న అమల్లోకి వచ్చింది గానీ ఆ తొమ్మిది దేశాల్లో ఒక్కటీ అందులో చేరలేదు. కత్తులను నాగటి నక్కులుగా సాగగొట్టే రోజును యెషయా చూశాడు. మన కాలం నాగళ్లను అమ్మి కత్తులు కొంటోంది!

మరి మనలాంటి సామాన్య విశ్వాసులు చేయగలిగింది ఏముంది? యుద్ధం ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో మన చేతిలో లేదు. కానీ మనస్సాక్షి హద్దు జరగకుండా కాపలా కాయడం మన చేతిలోనే ఉంది. పగను రెచ్చగొట్టే అబద్ధపు వీడియో ఫోన్లోకి వస్తే దాన్ని మరొకరికి పంపకుండా అక్కడే ఆపవచ్చు. ఆదివారం ఆరాధనలో మన సైనికుల క్షేమంతో పాటు అటువైపు తల్లుల కోసమూ ప్రార్థించవచ్చు. శత్రువుల కోసం ప్రార్థించమని ప్రభువు చెప్పింది శాంతికాలంలో వాడుకునేందుకు కాదు కదా! సంఘ కాపరులు ఏ యుద్ధానికీ పవిత్రమనే పేరు పెట్టకుండా ఉండవచ్చు. తప్పనిసరి అని ఒకవేళ ఎవరైనా నమ్మినా, పశ్చాత్తాపంతో చేయవలసిన పనిని పండుగలా చేయరాదని చెప్పవచ్చు. పోప్ ఫ్రాన్సిస్ 2025 ఏప్రిల్‌లో మరణించేదాకా, ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా, గాజాలోని చిన్న క్యాథలిక్ సంఘానికి సాయంత్రం పూట ఫోన్ చేసి ఏం తిన్నారని అడిగేవాడు. యుద్ధాన్ని ఆయన ఆపలేకపోయాడు. కానీ అక్కడున్నది అంకెలు కాదు, మనుషులని లోకానికి రోజూ గుర్తు చేశాడు.

సమరయ మీద అగ్ని కోరిన యోహాను తర్వాత ఏమయ్యాడో అపొస్తలుల కార్యముల 8వ అధ్యాయంలో ఉంది. కొన్నేళ్లకు అతను పేతురుతో కలిసి అదే సమరయకు వెళ్లాడు. ఈసారి ఆ ప్రజల మీద చేతులుంచి, వాళ్లు పరిశుద్ధాత్మను పొందాలని ప్రార్థించాడు. తిరిగి వస్తూ చాలా సమరయ గ్రామాల్లో సువార్త ప్రకటించాడు. ఆ రోజు ప్రభువు గద్దించకపోతే, అడిగిన అగ్ని దిగి ఉంటే, ప్రార్థించడానికి అక్కడ ఎవరు మిగిలేవారు? నేటి శత్రువు రేపటి సహోదరుడు కావచ్చు. చంపేస్తే ఆ రేపు ఉండదు. నాగసాకి బూడిదలో దొరికిన ఒక గంటను ఉరకామి విశ్వాసులు 1945 క్రిస్మస్‌కే మోగించారు. పగిలిపోయిన రెండో గంట స్థానంలో అమెరికా విశ్వాసులు కొత్త గంట చేయించి ఇచ్చారు. 2025 ఆగస్టు 9న, సరిగ్గా 11 గంటల 2 నిమిషాలకు, ఆ రెండు గంటలూ కలిసి మోగాయి. అందుకు 80 ఏళ్లు పట్టింది.

ఖడ్గం రావడం చూసి కూడా కావలివాడు బూర ఊదకపోతే, చనిపోయినవారి రక్తానికి అతణ్ణే లెక్క అడుగుతానని దేవుడు యెహెజ్కేలుతో చెప్పాడు (యెహెజ్కేలు 33:6). ఖడ్గం దూసినవాడిని దేవుడు విడిగా అడుగుతాడు. మనల్ని మాత్రం బూర గురించి అడుగుతాడు. ఇంట్లో, సంఘంలో, స్నేహితుల మధ్య పగ మాట వినిపించిన ప్రతిసారీ మనం ఏం మాట్లాడుతున్నాం? మాట్లాడుతున్నామా, మౌనంగా ఉన్నామా? ఆలోచించండి.